వద్దన్న పూలు

"ఆ పూలు తీసి బయట పెట్టి రండ్రి మేడం," అంది వరమ్మ, ఊడుస్తున్న చీపురు ఆపకుండానే.

గడపలో నిలబడ్డ బిందుమాధవి కాస్త తికమకపడి, జడలోని మల్లెచెండు తీసి అరుగు మీద పెట్టింది. చిన్నతనంలో రక్తపు క్యాన్సర్ వచ్చి బతికి బట్టకట్టిన పిల్లలు పెద్దయ్యాక ఎలా ఉన్నారు, ఏం తింటున్నారు, దేనికి భయపడుతున్నారు అని ఇల్లిల్లూ తిరిగి అడగడం ఆమె పరిశోధన. వరమ్మ కూతురు సుజన ఆరేళ్లప్పుడు ఆ జబ్బు పడి లేచింది. ఇప్పుడు ఇరవై దాటింది.

"మా అమ్మ గంతే మేడం, మీరు ఫికర్ జేయకుండ్రి," అంది సుజన చాప పరుస్తూ.

వాళ్లిద్దరూ కూర్చున్నారు. వరమ్మకు మాత్రం కూర్చోబుద్ధి కాలేదు. ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చింది. పొద్దున్నే ఆడబిడ్డ ఆగమ్మ ఫోన్ చేసిన దగ్గర్నుంచీ ఆమె కాలు ఒక చోట నిలవడం లేదు. "మోకాళ్లు లేస్తలేవే వరమ్మా, గుడిమల్కాపూర్ల పూలమ్మే జాగ ఇడిసిపెడుతున్న. నీ చెయ్యి తెలిసినదాన్ని, నీకియ్యాలని ఉంది. పొద్దుమూకేలోపట చెప్పు, లేకుంటె ఎవలకన్న ఇస్త" అందామె. మొగుడు ప్రేమ్‌రాజ్‌తో ఆ మాట అంటే, దువ్వెన తలలో ఉంచుకునే తిరిగి చూశాడు. "పిల్ల పానం కన్న నీకు పూలెక్కువనా?" అన్నాడు.

ఒకప్పుడు ఆ పూలే ఆమె బతుకు. కనకాంబరాలు వేలి మీదికి ఎక్కితే దారం తనంతట తానే నడిచేది. మూర కొలవడానికి మోచేయి చాచితే మార్కెట్లో ఆడవాళ్లు పక్క బుట్ట వదిలి ఈమె బుట్ట దగ్గరికి వచ్చేవాళ్లు. పిల్లకు జబ్బని తేలిన రోజు డాక్టరు చెప్పాడు, ఇంట్లో పూలుండొద్దని, వాటి బూజును తట్టుకునే శక్తి ఈ ఒంటికి లేదని. ఆ సాయంత్రమే పూలబుట్ట ఇంట్లోంచి బయటికి పోయింది. "పూలమ్ముకుంట పిల్లకు రోగం తెచ్చిపెట్టింది" అని అత్త గల్లీ అంతా చెప్పింది. నిజమేనేమోనని వరమ్మకే అనుమానం. దవాఖానలో పక్క మంచం పిల్ల తల్లి ఒకనాడు చిన్న గౌను మడత పెట్టి సంచిలో వేసుకుని, "పోయొస్త" అని కూడా అనకుండా ఒక్కతే వెళ్లిపోయింది. ఆ వీపు వరమ్మ కళ్లలోంచి ఇప్పటికీ పోలేదు. అందుకే పిల్లకు నయమైందన్నా నీళ్లు కాచడం మానలేదు, నిద్రలో నుదురు ముట్టుకోవడం మానలేదు, పూలను గడప దాటి లోపలికి రానివ్వలేదు.

"పూలెందుకు వద్దన్నారండీ మీ అమ్మగారు?" చాప మీద బిందుమాధవి అడుగుతోంది.

"డాక్టర్ వద్దన్నడట మేడం, చిన్నప్పుడు."

బిందుమాధవి కలం పక్కన పెట్టింది. "అది మందులు నడిచినన్నాళ్లే కదమ్మా! ఒంట్లో రక్తం పుంజుకున్నాక పూలతో ఏ భయమూ లేదు. ఇన్నేళ్లూ మీకెవరూ చెప్పలేదా?"

చీపురు ఆగింది.

"చెప్పిండు, చెప్పిండు," అన్నాడు ప్రేమ్‌రాజ్ లోపల్నుంచి, ఉప్మా గిన్నె పట్టుకుని వస్తూ. బస్సు డిపోలో అతనికి ఆ రోజు సెలవు. "మందులు బందైననాడే డాక్టర్ సాబ్ చెప్పిండు, ఇగ పూలు గీలు ఏం గాదని."

"నీకు జెప్పిండా?" అంది వరమ్మ.

"నాకు గాకుంటె ఎవలకు జెప్తడు?"

"మరి నాకెందుకు జెప్పలే?"

"చెప్తే మల్ల బుట్టెత్తుకొని ఉరుకుతుంటివి. ఇల్లంత పరేషాన్. నువ్వు ఇంట్ల ఉంటే మా అమ్మకు గూడ మంచిగుండె గదనే," అని ఇంకో ముద్ద తిన్నాడు. అతని గొంతులో దాపరికం లేదు. చెప్పకపోవడం తప్పన్న ఊహే అతనికి లేదు.

"బాపూ!" అంది సుజన.

వరమ్మకు తన తల్లి గుర్తుకొచ్చింది. అమ్మ పోయిన రోజు పాడె నిండా బంతిపూలు పరిచారు. తాకితే ఆ పూల బూజు బిడ్డకు అంటుతుందని, వరమ్మ అమ్మ మొహం నిమరకుండా, పాదాలు పట్టుకోకుండా, దూరంగా గోడ పక్కన నిలబడి ఏడ్చింది. చుట్టాలు తలో మాటా అన్నారు. అప్పటికి పిల్ల మందులు మానేసి ఏళ్లయింది. ఈ మనిషి ఆమె పక్కనే నిలబడి అదంతా చూశాడు. అన్నీ తెలిసి చూశాడు.

ఆమె చీపురు మూలకు ఆనించి ఫోన్ తీసింది. ఈ రాత్రే పిల్లకు జ్వరం వస్తే, అని గుండె పాతదారినే ఉరికింది. అయినా ఆమె నంబరు నొక్కింది.

"వదినా, ఆ జాగ ఎవలకియ్యకు. నేనొస్తున్న."

"ఏందే, నన్నడగకుంటనే?" ప్రేమ్‌రాజ్ గిన్నె కింద పెట్టాడు. "పొద్దుగాల నా అన్నం డబ్బ ఎవలు కడతరు? అమ్మకు చాయ్ ఎవలు పోస్తరు?"

వరమ్మ అతని వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"తెలిసి గూడ ఇన్నేండ్లు నాకు జెప్పలే నువ్వు. నేను నీ లెక్క చెయ్య, ముందుగాలనే జెప్తున్న. రేపటి సంది పొద్దుగాల నేను ఇంట్ల ఉండ."