సరళాదేవి ఎక్కని బుల్లెట్టు

తన బుల్లెట్టు చప్పుడు వింటే కరీంనగర్ మంకమ్మతోట జనం గడియారాలు సరిచేసుకుంటారని ఉపేందర్‌రావు గొప్పగా చెప్పుకుంటాడు. నిజానికి ఆ చప్పుడు వినగానే పక్కింటివాళ్లు చేసేది దండెం మీద ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చుకోవడం. ఆ బండి పొగ అంత ఘనమైనది మరి.

బండిని ఆయన పెళ్లికి ముందే కొన్నాడు. అప్పటినుంచి రంగు మార్చలేదు, సీటు మార్చలేదు, వేరే కంపెనీ నట్టు ఒక్కటి కూడా తగలనివ్వలేదు. ఎవరైనా సలహా ఇస్తే, "చేసినోనికి తెల్వదా, నీకు తెలుసా?" అని నోరు మూయించేవాడు. విత్తనాల దుకాణం నడిపిన రోజుల్లో కూడా పొద్దున్నే ముందు బండి తుడిచి, తర్వాతే దేవుడికి దీపం పెట్టేవాడు. ఇంత ముద్దు చేసిన బండి వెనక సీటు మీద మాత్రం ఆయన భార్య సరళాదేవి కూర్చోదు. ఆటో ఎక్కుతుంది, స్కూటరెక్కుతుంది, ఆర్టీసీ బస్సులో నిలబడైనా పోతుంది. బుల్లెట్టు ఎక్కదు.

దానికి కారణం ఊరందరికీ తెలుసు, ఉపేందర్‌రావే చెప్పాడు కాబట్టి. పెళ్లయిన కొత్తలో ఆమెకు ఆదిలాబాద్ అడవుల్లో జైనూరు దగ్గర ఆశ్రమ పాఠశాలలో టీచరుద్యోగం వచ్చింది. సెలవుకు ఇంటికి వచ్చినప్పుడల్లా తిరిగి బడి దగ్గర దింపడం ఆయన పని. ఒక ఎండాకాలం కెరమెరి ఘాట్ ఎక్కుతుండగా ఇంజన్ వేడెక్కి, గర్రుమని ఒక మూలుగు మూలిగి బిగుసుకుపోయింది. అటుగా వచ్చిన జీపులో, మేకల మధ్య కూర్చుని ఆమె బడికి చేరింది. ఆ తర్వాత ఇంటికొచ్చి ఒకే మాట అంది. "గా బండి ఆగకుంట ఘాటెక్కిన నాడు ఎక్కుత." ఎక్కింది లేదు. ఆమె ఉద్యోగం కరీంనగర్‌కు మారింది, జుట్టు తెల్లబడింది, రిటైరైంది. పంతం మాత్రం కుర్రతనంలోనే ఆగిపోయింది.

ఈ ఏడాది చైత్రంలో ఒక ఫోను వచ్చింది. చేసింది ఆత్రం కొమురుబాయి. సరళాదేవి దగ్గర అక్షరాలు దిద్దుకున్న పిల్ల, ఇప్పుడు అదే బడికి హెడ్‌మిస్ట్రెస్. "మేడం, మీరు రావాలె. మీకు సన్మానం చేస్తం" అంది. సరళాదేవి కళ్లు తుడుచుకుని సరేనంది.

ఉపేందర్‌రావు ఆ రోజంతా ఏదో మింగలేనట్టు తిరిగి, సాయంత్రం చాయ్ తాగేటప్పుడు కక్కేశాడు. "బుల్లెట్టు మీద పోదామా?"

సరళాదేవి చాయ్ గ్లాసు కింద పెట్టింది. "సరే, ఎక్కుత. ఘాట్ల ఆగిందనుకోండ్రి, దిగి ఏ బండి దొరికితే గా బండెక్కిపోత. మళ్ల గీ జన్మల దాన్ని ముట్ట. మీరు మళ్ల అడగొద్దు."

అడగొద్దు అన్న మాటే ఆయన్ని పట్టుకుంది. ఇన్నేళ్లూ అడుగుతూ ఉండడంలోనే ఏదో ఆశ ఉండేది. ఇప్పుడు ఘాట్‌లో బండి ఆగితే ఆ ఆశ కూడా అక్కడే ఆగిపోతుంది.

మర్నాడే పరువు పక్కనబెట్టి మెకానిక్ హనుమండ్లు షెడ్డుకు పోయాడు. హనుమండ్లు బండి చుట్టూ ఒకసారి తిరిగి, "దీని తప్పేం లేదు సార్. గాలితోనే సల్లబడే ఇంజను. ఎత్తు మీద మెల్లగ పోతది, మోత ఎక్కువైతది, లోపట నూనె నీళ్లోలె పలచబడ్తది. ఆయిల్ కూలర్ పెడదాం" అన్నాడు.

"అంటే?"

"చాయ్ సాసర్‌ల పోసుకోని ఊదుకుంటం గద సార్, గట్ల. కాగిన నూనె పైపులకెళ్లి బయటికొస్తది, గీ జాలీల తిరిగి సల్లారి మళ్ల లోపటికి పోతది. దానికి గాలి తగలాలె, అంతే."

అరచేతంత వెడల్పున్న, పల్చటి అల్యూమినియం రేకులు దగ్గరదగ్గరగా పేర్చిన జాలీ అది. హెడ్‌లైటు కింద, ముందు చక్రం వెనక గొట్టానికి దాన్ని బిగించాడు. రెండు రబ్బరు పైపులు కలిపాడు. నట్టు మారిస్తేనే ఒప్పుకోని మనిషి, బండి ముఖం మీద పరాయి సామాను చూసి ముఖం తిప్పుకున్నాడు. ఇంట్లో సరళాదేవి ఇదేమిటని అడిగితే హనుమండ్లు చెప్పిందే అప్పజెప్పాడు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఊరుకున్నాడు గానీ, లోపల నమ్మకం కుదరలేదు.

నమ్మకం కుదరనప్పుడు మనవాళ్లు ఎక్కడికి పోతారో ఆయనా అక్కడికే పోయాడు. ప్రయాణానికి ముందురోజు సోమవారం. వేములవాడ రాజన్న దగ్గర బండికి పూజ చేయించాడు. చక్రాల కింద నిమ్మకాయలు, ట్యాంకు మీద పసుపు కుంకుమలు, ముందర కొబ్బరికాయ. పూజారి హ్యాండిలుకు వేయమని బంతిపూల దండ ఇచ్చాడు. ఉపేందర్‌రావు దాంతో తృప్తిపడలేదు. అసలు కాపాడవలసింది కొత్త సామానును కదా. ఇంకొక దండ కొని, మొదటిదానితో ముడివేసి, హ్యాండిలు నుంచి కిందికి దించి కూలర్‌కు నిండుగా చుట్టాడు. ఆపైన స్వామివారి పసుపు గుడ్డ కట్టాడు. పూజ దండను చేత్తో తీయకూడదు, వాడిపోయి దానంతటదే రాలాలి. ఆ నియమం ఆయనకు చిన్నప్పటి నుంచి తెలుసు.

తెల్లవారుజామునే బయల్దేరారు. సరళాదేవి ఎక్కేటప్పుడు ఆయన హ్యాండిలు కదలకుండా పట్టుకున్నాడు. ఆమె సంచీ ఒళ్లో పెట్టుకుని, ఆయన భుజం తగలకుండా సీటు వెనక కడ్డీ పట్టుకుంది. పెద్దపల్లి, మంచిర్యాల దాటారు. ఆసిఫాబాద్‌లో చాయ్ కోసం ఆగారు.

ఆమె చూడకుండా వంగి పైపులు ముట్టి చూశాడు. లోపలికి పోయే పైపు కాలింది. బయటికి వచ్చే పైపూ అంతే కాలింది. చల్లారుతున్న జాడే లేదు. హనుమండ్లు ఏడు తరాలనూ మనసులోనే తిట్టి, దండ కొంచెం జారినట్టుంటే భక్తిగా సర్ది మళ్లీ గట్టిగా చుట్టాడు.

"వేడైందా?" అంది సరళాదేవి, చాయ్ గ్లాసు తిప్పుతూ.

"లే, లే. మంచిగనే ఉంది." ఆమె పక్కన కూర్చుని, "గా రోజు మేకల నడుమ కూసొని పోయినవు. నీ కోపం న్యాయమే" అన్నాడు.

ఆమె నవ్వింది. అది నవ్వులా లేదు. "మేకలకు నేనెందుకు కోపం చేస్త? బండి ఆగిందని గూడ కాదు. నేనొక్కదాన్ని జీపెక్కిన. నేను కొత్త, గా అడవి కొత్త, డ్రైవరెవడో ఎరక లేదు. మీరు బండి కాడ కూసున్నరు. జీపు మూల తిరిగేదాక చూసిన. మీరు తల ఎత్తలే, ప్లగ్గు విప్పుతున్నరు."

ఉపేందర్‌రావు ఇన్నేళ్లూ ఇంజన్ తప్పనుకున్నాడు. ఆ తప్పు దిద్దడానికి బండి ముఖాన జాలీ బిగించాడు, దేవుడికి మొక్కాడు. దిద్దవలసిన తప్పు ఇంజన్‌లో లేనే లేదు.

కెరమెరి ఘాట్ మొదలైంది. టేకు చెట్లు ఆకు రాల్చి నిలబడ్డాయి, రోడ్డు మీద నీడ లేదు. మొదటి మలుపు తిరిగాడు, రెండో మలుపు తిరిగాడు. ఇంజన్ శబ్దం మారింది. గుండెలా కొట్టుకునే బండి, రేకుల డబ్బాలో రాళ్లు పోసినట్టు మోగసాగింది. ఆనాడు బిగుసుకుపోయే ముందు విన్న మోత అదే. ఇప్పుడు ఆపి చల్లారనిస్తే ఇంజన్ బతుకుతుంది, పందెం పోతుంది. ఆపకపోతే రెండూ పోవచ్చు.

రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు వెరవడం దేనికి? ఆయన తల కొంచెం వెనక్కి తిప్పాడు.

"సరళా, గీ బండి ఆగితే ఆగనీ. గీడనే ఇడిసిపెడ్త. ఎవరన్న ఎత్కపోతే ఎత్కపోనీ. ఏ బండొస్తే గా బండెక్కి నీతోని నేను గూడ వస్త."

ఒక మలుపు గడిచింది. కడ్డీ వదిలి ఒక చెయ్యి ఆయన భుజం మీదికి వచ్చింది.

"ఏదో ఉడుకుతున్న వాసన" అంది ఆమె చెవి దగ్గర. "బంతిపూలు ఉడుకుతున్నయి. గా జాలీకి ఎందుకు చుట్టిండ్రు దండ? దానికి గాలి ఎట్ల తగుల్తది?"

ఉపేందర్‌రావు కిందికి చూశాడు. రెండు దండలు, ఆపైన పసుపు గుడ్డ. చలికాలపు గొంగడిలా కూలర్‌ను కప్పేసి ఉన్నాయి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుడూ ఇచ్చాడు, పూజారీ ఇచ్చాడు, అడ్డం పడ్డది భక్తుడే.

"పూజ దండ సరళా. చేత్తోని తియ్యొద్దు."

సోమవారం సోమవారం ఉపవాసముండే మనిషి ఆమె. "పాపం తగిల్తే నాకు తగలనీ. తెంపుండ్రి. ఆపకుండ్రి."

ఎడమ చేత్తో దండ పట్టి లాగాడు. బండి ఊగింది, దండ తెగలేదు. పళ్లు బిగించి మళ్లీ లాగాడు. దారం ఫటుక్కున తెగింది. పసుపు గుడ్డ ఎగిరి చెట్ల మీదికి పోయింది. బంతిపూలు జల్లుమని లేచి ఆయన ఛాతీకి, ముఖానికి కొట్టుకుని, వెనక సరళాదేవి తల మీద, ఒళ్లో కురిశాయి. పెళ్లిపీటల మీద తలంబ్రాలు కూడా ఇంత దండిగా పడలేదు వాళ్లకు. ఆమె నవ్వు మొదలుపెట్టింది. ఆపుకోలేక ఆయన వీపుకు నుదురానించి మరీ నవ్వింది.

గాలి జాలీలోకి దూరింది. ఒక మలుపు, ఇంకొక మలుపు. రాళ్ల మోత తగ్గుతూ తగ్గుతూ పోయింది. ఇంజన్ మళ్లీ తన లయ అందుకుంది. కాళ్లకు కొట్టే వేడి సెగ కూడా మెత్తబడింది. చివరి ఎత్తు మీద ఎదురొచ్చిన లారీ డ్రైవరు, ఒంటి నిండా బంతిరేకులతో నవ్వుతూ పోతున్న ముసలి దంపతులను చూసి హారన్ కొట్టాడు. ఉపేందర్‌రావు పదింతలుగా హారన్ కొట్టాడు. ఘాట్ పైకెక్కేశారు.

"ఎక్కినం!" అన్నాడు. సిగ్గుపడకుండా ఏడ్చాడు. కళ్లద్దాల సందుల్లోంచి దూరిన గాలే ఆ కన్నీళ్లు ఆరబెట్టింది.

బడి దగ్గర కొమురుబాయి, పిల్లలు ఎదురొచ్చారు. శాలువా కప్పారు, పాటలు పాడారు. సరళాదేవి పాత విద్యార్థుల పేర్లు ఒక్కొక్కరివీ గుర్తుపట్టి పిలిచింది. ఉపేందర్‌రావు వెనక కుర్చీలో కూర్చుని విన్నాడు. బండి చెట్టుకింద చల్లారుతోంది. ఆయన దానివైపు ఒక్కసారి కూడా పోలేదు. ఒక్కసారి చూశాడేమో, అంతే.

పొద్దు వాలే ముందు బయల్దేరబోతుంటే కొమురుబాయి జీపు పిలిపించింది. "మేడం, ఘాట్ దిగుడు కష్టం. మీరు జీపుల పోండ్రి, సార్ బండి మీద వెనక వస్తడు."

ఉపేందర్‌రావు బండి తాళం తీసి కొమురుబాయి చేతిలో పెట్టబోయాడు. "బండి గీడ ఉండనీ బిడ్డా, మళ్లొచ్చి తీస్కపోత. నేను గూడ మేడంతోనే జీపుల పోత."

సరళాదేవి ఆ తాళం మధ్యలోనే అందుకుని ఆయన చేతిలోనే పెట్టింది. శాలువా నడుముకు చుట్టుకుని నడిచిపోయి, కడ్డీ ముట్టకుండా బుల్లెట్టు వెనక సీటు మీద కూర్చుంది.

"నేను మా ఆయన బండి మీద వచ్చిన, బండి మీదనే పోత. రాండ్రి, కిక్కు కొట్టుండ్రి" అంది.