సన్నాయి సంచిలో దాగిన ఊపిరి

నేను ఒక ఇన్‌హేలర్‌ని. నీలం రంగు దాన్ని, అరచేతిలో ఇమిడిపోతాను. నా పుట్టుక కలలా గుర్తుంది: తెల్లటి గది, మాస్కుల పైన కళ్లు, నాలోకి చల్లగా దిగిన మందు. తర్వాత మందుల షాపు అరలో చాన్నాళ్లు నిద్రపోయాను. నన్ను కొనుక్కున్నది షేక్ సుభానీ. చిలకలూరిపేట చుట్టుపక్కల పెళ్లంటే ఆయన సన్నాయి మోగాల్సిందే.

ఆయనకున్నది కొద్దిపాటి ఆస్తమా. నెలకోసారి ఆయాసం వస్తే నన్ను పీల్చి సర్దుకునేవాడు. కానీ సన్నాయి ఊదేవాడికి ఆయాసమంటే ఎవరు పిలుస్తారు? అందుకని నన్ను సన్నాయి సంచి అడుగున దాచాడు. మనుషులు చిత్రమైనవాళ్లు, ఊపిరి తీసుకోవడానికీ సిగ్గుపడతారు. నాకు మాత్రం ఆ చీకట్లో హాయిగానే ఉండేది. కల్యాణి రాగం నీళ్లలా వచ్చి చేరేది, నేను తేలుతూ ఉండేదాన్ని.

అసలు బాధ దడ. తాళి కట్టేవేళ తుమ్ము వినపడకూడదని గట్టిమేళం మోగిస్తారు కదా. ఒక పెళ్లిలో సుభానీ క్షణం ఆలస్యంగా అందుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఎవరో తుమ్మారు. అప్పట్నించి ముహూర్తం దగ్గరపడితే చాలు, ఆయనకి గుండె దడదడలాడి చేతులు చల్లబడేవి.

డోలు వాయించే కోటిలింగం ఇరవయ్యేళ్ల జతగాడు. తన చేతి వణుకుకి డాక్టరు రాసిచ్చిన బిళ్ల తీసి ఇచ్చాడు.

"ఏసుకో బావా. నాకు వణుకూ తగ్గింది, దడా తగ్గింది. నీకూ ఇట్టే పోయిద్ది."

పాపం, అతనికి నా సంగతి తెలియదు. ప్రేమతోనే ఇచ్చాడు.

మరో పెళ్లి పొద్దున సుభానీ ఆ బిళ్ల వేసుకున్నాడు. దడ నిజంగానే తగ్గింది. గంటలో ఛాతీ బిగిసి పిల్లికూతలు మొదలయ్యాయి. సుభానీ పందిరి వెనక్కెళ్లి నన్ను పీల్చాడు. మళ్లీ పీల్చాడు. నా దగ్గరున్నదంతా ఇచ్చాను, లోపల తలుపు తెరుచుకోలేదు. అంత భయం నేనెప్పుడూ ఎరగను. వెతుక్కుంటూ వచ్చిన కోటిలింగం ఆయన్ని ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు.

ఊపిరి కుదుటపడ్డాక డాక్టరమ్మ కోటిలింగాన్ని చూపిస్తూ చెప్పింది. "ఈయనకి అది మంచి మందే. ఆస్తమా ఉన్న మీకు మాత్రం ఊపిరి గొట్టాలు బిగించేస్తుంది, ఇన్‌హేలర్‌నీ సరిగా పనిచెయ్యనివ్వదు. దడకి వేరే మందులున్నాయి, చూసి రాస్తాను. ఎవరు ఏ మందు ఇచ్చినా ముందు ఆస్తమా ఉందని చెప్పండి. నిద్రమాత్రలైనా సరే, అడక్కుండా వేసుకోవద్దు."

"ఒక్క మాట చెబితే ఏం పోయింది బావా? నా చేత్తో చంపేసేవాణ్ణి గదా!" అని కోటిలింగం భోరుమన్నాడు.

కొత్త మందు ఒంటికి పట్టడానికి వారాలు పట్టింది. దడ పూర్తిగా పోలేదు గాని మెత్తబడింది.

శ్రావణంలో ఒక పెళ్లి. హోమం పొగ కమ్మేసి సుభానీకి ఛాతీ పట్టేసింది. "గట్టిమేళం!" అన్నాడు పురోహితుడు. కోటిలింగం డోలు మీదికి చెయ్యెత్తాడు. సుభానీ ఆగమని సైగ చేసి, నన్ను తీసి, పందిరంతా చూస్తుండగా రెండుసార్లు పీల్చుకున్నాడు. పెళ్లికొడుకు చేతుల్లో తాళి గాల్లోనే ఆగింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

"నిదానంగా కానీ సుభానీ," అన్నాడు పెళ్లికూతురి తండ్రి. "మేం ఆగుతాం."