మాట వినే అవ్వ

"అవ్వా, మేమే వస్తున్నాం. నీ చేపలు నీవే, మా దారి మాదే" అని గట్టిగా చెబుతూ నడుస్తోంది వెర్నా. వెనక ఎలుగులను చూడడానికి వచ్చిన ఆరుగురు సందర్శకులు. ఏటి బాటలో ఎలుగుకు వినపడేలా మాట్లాడుతూ వెళ్లడం ఆమె తెగవాళ్లలో ఆచారం. చెప్పకుండా ఎదురుపడటం మర్యాద కాదు. ఇరవై ఏళ్లుగా ఆ మర్యాదే ఆమెకు అన్నం పెడుతోంది.

వెర్నా పొట్టి మనిషి. వానకు వెలిసిన పచ్చకోటు, ఎడమ మోకాలికి కట్టు. పెళ్లి నిలవలేదు, పనిచేసిన చేపల ఫ్యాక్టరీ మూతపడింది, ఈ ఏరు మిగిలింది. ఊళ్లో ఎవరినడిగినా ఆమె గురించి చెప్పడానికి ఇంతకు మించి ఏమీ లేదంటారు.

చెక్కల మంచె ఎక్కేసరికి అవతలి ఒడ్డున ఆమె అవ్వ అని పిలిచే ముసలి ఆడ గ్రిజ్లీ ఎలుగు నీళ్లలోంచి తలెత్తింది. దానికి ఒక చెవి చిరిగిపోయి ఉంది. వెర్నా గొంతు వినగానే, ఎప్పటిలాగే, చతికిలబడి కూర్చుంది.

"అంత గట్టిగా మాట్లాడితే పారిపోదా?" అన్నాడు మెడలో కెమెరా వేలాడేసుకున్న పెద్దాయన.

"మీరు మాట్లాడితే పోతుంది సార్. నేను మాట్లాడితే వింటుంది."

అందరూ నవ్వారు. వచ్చిన ప్రతివాళ్లకూ వెర్నా ఆ మాటే చెబుతుంది. ఆ నవ్వంటే ఆమెకు ఇష్టం.

ఈసారి సాల్మన్ చేప సముద్రం నుంచి సరిగా ఏరెక్కలేదు. మంచి ఏళ్లలో అవ్వ గుడ్లు మాత్రం తిని చేపను పారేసేది. కడుపు నిండితే గారెలు చేదు మరి. ఇప్పుడు ముళ్లు కూడా వదలడం లేదు, తొడల మీద తోలు వేలాడుతోంది. దిగువన ఊళ్లో చేపలు నిలవుండడానికి గుడిసెల్లో పొగపెడుతున్నారు, గాలికి ఆ వాసన ఇక్కడిదాకా వస్తోంది. పెరట్లోకి దిగిన ఎలుగు బతకదు. పోయిన వారమే ఒకదాన్ని కాల్చారు.

"ఊళ్లోకి దిగకు అవ్వా. పైకి పో" అంది వెర్నా, ఈసారి గొంతు తగ్గించి.

ఎలుగు ఆమె మాట్లాడినంతసేపూ కూర్చుంది. తర్వాత లేచి, ఒళ్లు దులుపుకొని, దిగువకే నడిచింది.

మధ్యాహ్నం అందరూ తింటుండగా ఊరివైపు నుంచి రెండు చప్పుళ్లు వినిపించాయి. ఏమిటవని పెద్దాయన అడిగాడు.

"ఎవరిదో పాత ట్రక్కు సార్" అని వెర్నా అబద్ధమాడింది. సాయంత్రం పడవ వచ్చేదాకా వాళ్లకు గద్దలను చూపిస్తూ గడిపింది.

ఆ చప్పుళ్లు తమ్ముడు లైల్ పెరట్లోవని ఊళ్లో అడుగుపెట్టగానే తెలిసింది. పొగగుడిసె తలుపు ఊడిపడి ఉంది. ఎలుగును అప్పటికే తీసుకెళ్లిపోయారు. గడ్డి మీద నీళ్లు కొట్టి కడిగారు. లైల్ మెట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"పిల్లలు ఇక్కడే ఆడుకుంటున్నారక్కా. అరిచాను, గిన్నెలు మోగించాను. పోలేదు."

"ఏమని అరిచావు?"

లైల్ తలెత్తలేదు. "నువ్వనేదే. 'అవ్వా, మేమే, పైకి పో' అన్నాను. అది పోకపోగా చతికిలబడి కూర్చుంది, కబుర్లు చెబుతావా అన్నట్టు. అప్పుడు నాకు భయమేసిందక్కా."

వెర్నా తిట్టడానికే వచ్చింది. కానీ ఊడిన తలుపును లేపి గోడకు ఆనించింది. మనిషి గొంతు వింటే పారిపోవాల్సిన జంతువుకు ఆ భయం పోగొట్టింది తనే. తమ్ముడిది తుపాకీ మాత్రమే. పొద్దున మంచె మీద నవ్వించిన మాట గుర్తొచ్చి ఆమెకు తన గొంతంటేనే అసహ్యం వేసింది.

"రేపు వచ్చేవాళ్లకు ఏం చూపిస్తావు?" అన్నాడు లైల్ మెల్లగా.

గుడిసె గుమ్మం దగ్గర, కడిగినవాళ్ల కంటపడకుండా, ముళ్లతో సహా నమిలేసిన చేప తాలూకు తోక ఒకటి గడ్డిలో మిగిలింది.