నూట పద్దెనిమిది చెక్క పట్టీలు

ఆగండాగండి, ఎక్కడికా పరుగు? కాస్త కూర్చుని ఈ గోడు విని వెళ్ళండి.

ఆ ఇంట్లో చిన్నమ్మాయిని అందరూ 'సగం' అని పిలుస్తారు. మరి ఆమె అల్లిన స్వెట్టరుకు ఒకటే చెయ్యి. ఈతకొలనులో అవతలి గట్టుకు వెళ్ళడం వచ్చు, తిరిగి రావడం రాదు. అందుకే అక్క కొత్తింటి గోడకు తగిలించే చెక్క సూర్యుడి బొమ్మ తనే చేసిస్తానని అన్నప్పుడు, అక్క పకపకా నవ్వింది.

"ఆరంభశూరత్వం నీకు పుట్టుకతో వచ్చిందే! ఆదివారం ఐదింటికి వస్తా. అయితే పట్టుకెళ్తా, కాకపోతే అక్కడో గడియారం తగిలించుకుంటా."

అంతే, పంతం పట్టింది. మూడు వారాలు వంటింటి బల్ల మీదే కాపురం. నూట పద్దెనిమిది సన్న పట్టీలు కోసింది, ఒక్కోదాన్నీ గరుకు కాగితంతో నున్నగా రుద్దింది, ప్లైవుడ్ పలక మీద సూర్యకిరణాల్లా పేర్చి అంటించింది. అతుకుల దగ్గర జిగురు బొట్లుబొట్లుగా ఉబికింది. పోనీలే, ఆరాక గీకేస్తే ఊడొస్తుంది అనుకుని, శనివారం చెక్కలోకి ఇంకే రంగు కొనడానికి బజారుకు వెళ్ళింది. తిరిగొచ్చేసరికి బొట్లు కనబడలేదు, ఆరి వాటంతటవే పోయాయనుకుంది.

ఆదివారం మధ్యాహ్నం రంగు పూసిందా, ఇంకేముంది! ప్రతి అతుకు చుట్టూ పాలిపోయిన మరకలు, సున్నాలు చుట్టినట్టు. ఇంకో పూత వేసింది. చుట్టూ నల్లబడింది గానీ మరకలు అలాగే వెక్కిరించాయి. బ్రష్షు విసిరికొట్టింది.

"ఛీ! నా మొహానికి ఒక్క పనైనా సరిగ్గా ఏడవదా!"

అప్పుడే నాన్న వచ్చాడు. ముప్పై ఏళ్ళు కళ్ళజోళ్ళ కొట్టు నడిపిన మనిషి. అద్దం మీద వేలిముద్ర కనిపిస్తే ఆయనకు ముద్ద దిగదు.

"ఏమ్మా, చూశావా నా పనితనం? నిన్న నువ్వు బజారుకెళ్తే జిగురంతా కారిపోయి ఉంది. తడిగుడ్డతో గుండ్రంగా తుడిచి తుడిచి అద్దంలా చేసేశా!"

ఆమెకు అప్పుడు అర్థమైంది. తడిగుడ్డ జిగురును తీయలేదు, పలచన చేసి చెక్కలోకి ఎక్కించింది. జిగురు తాగిన చెక్క ఇక రంగేం తాగుతుంది? మొత్తం మళ్ళీ రుద్దాలంటే ఇంకో వారం.

నాన్న అప్పుడు మరకలు చూశాడు. "అయ్యో తల్లీ, ఇదేంటి? రంగు మంచిది కాదేమో," అన్నాడు, పాపం, నిజంగానే బాధపడుతూ.

కాలింగ్ బెల్ మోగింది. అక్క లోపలికొస్తూనే నడుం మీద చెయ్యేసుకుంది.

"అనుకున్నా! ఏం చేశావే దీన్ని? ఎవరైనా చెయ్యి పెట్టారా, అంతా నీ ఘనకార్యమేనా?"

పక్కనే నాన్న, చిన్నకూతురి భుజం తడుతూ నిలబడ్డాడు. నిజం చెబితే ఆ చెయ్యి చటుక్కున వెనక్కి పోతుంది. చెప్పకపోతే, జన్మలో మొదటిసారి చివరిదాకా చేసిన పని తన చేతకానితనం కింద జమ. అక్కేమో కదలకుండా చూస్తోంది.

మీరైతే ఏం చెబుతారు?