తెల్ల పేజీలో శ్రీ

శుక్రవారం పొద్దున పది గంటల రెండు నిమిషాలకు మొదటి ఫోను వచ్చింది. ఫారం నింపి బటన్ నొక్కితే తెల్ల పేజీ వస్తోందట. పదింపావుకల్లా అలాంటివి పందొమ్మిది ఫోన్లు. మద్దిలపాలెం బస్సు డిపో ఎదురుగా, మందుల షాపు మీద రెండు గదుల ఆఫీసు మాది. యజమాని గురునాథరావు గారు, ప్రోగ్రామర్‌ని నేను, నా పేరు ఫ్లోరా. మూడో మనిషి లేడు. కాబట్టి వెబ్‌సైటు బాగా నడిస్తే ఆయన కట్టినట్టు, ఆగిపోతే నేను చెడగొట్టినట్టు. పద్నాలుగేళ్ళుగా ఇదే లెక్క.

ఆ వెబ్‌సైటు ఆటోనగర్‌లోని ఒక కాంట్రాక్టు సంస్థది. ఏడాదికోసారి ఉక్కు ఫ్యాక్టరీలో ఫర్నేసు ఆపేసి నలభై రోజులు మరమ్మతులు చేస్తారు. దాన్ని షట్‌డౌన్ పని అంటారు. దానికి మనుషుల్ని తీసుకునేది ఈ వెబ్‌సైటులోనే. పది నుంచి పన్నెండు దాకా ఫారం తెరిచి ఉంటుంది. ముందుగా వచ్చిన అరవై మందికి పని, తరవాతి వాళ్ళు వెయిటింగు. రెండు గంటల్లోగా జాబితా మేం వాళ్ళకి పంపాలి. ఎనిమిదేళ్ళుగా చీకూచింతా లేకుండా నడిచింది. ముందు రోజు సాయంత్రం దాన్ని పాత సర్వర్ నుంచి కొత్త సర్వర్‌కి మార్చింది మాత్రం నేనే.

"ఏం కనిపిస్తోందండీ?" అని ప్రతివాణ్ణీ అడిగాను.

"ఏటీ లేదమ్మా. తెల్లగా ఉన్నాది."

"ఏమైనా రాసుందా? ఇంగ్లీషులో ఎర్రర్ అనో ఏదో?"

"ఒక్క ముక్క లేదమ్మా."

నా కంప్యూటర్లో ఉన్న నకలులో నొక్కితే శుభ్రంగా రసీదు పేజీ వస్తోంది. నంబరుతో సహా. మళ్ళీ నొక్కాను, మళ్ళీ వచ్చింది. నాకు వచ్చేది ఊరందరికీ ఎందుకు రాదో అర్థం కాక తల ప్రాణం తోకకొచ్చింది. ఇటు ఫోను మోగుతూనే ఉంది. పన్నెండో వాడో పదమూడో వాడో "నొక్కేనమ్మా, ఇప్పుడేటి సెయ్యమంటారు?" అన్నాడు. అప్పటికే నాకు ఒళ్ళు మండిపోతోంది. "మళ్ళీ నొక్కండి. వచ్చేదాకా నొక్కుతూనే ఉండండి," అని ఫోను పెట్టేశాను. ఆ తరవాత ఫోను చేసిన వాళ్ళందరికీ అదే మాట చెప్పాను. ఆలోచించే పని తప్పింది కదా మరి.

గురునాథరావు గారు టీ గ్లాసు పట్టుకుని నా వెనక నిలబడ్డారు. ఆయనది నిమ్మకు నీరెత్తినట్టుండే తత్వం.

"ఏటమ్మా, నిన్న దాకా బాగానే ఉన్నాది కదా."

"అదే చూస్తున్నాను సార్."

"సర్వర్ మార్చకుండా ఉండాల్సింది."

పాత సర్వర్ గడువు ముగిసిపోతోంది, మార్చమ్మా అని నెల రోజులుగా నా ప్రాణం తీసింది ఈయనే. మాటకి మాట చెప్పే తీరిక లేక పళ్ళు కొరుక్కున్నాను.

పదకొండుకి పావు తక్కువలో మెట్లెక్కి ఒక మనిషి వచ్చాడు. నలభై ఎనిమిది, నలభై తొమ్మిది ఉంటాయి. అరచేతులు తాళ్ళు పట్టి పట్టి కాయలు కాసి ఉన్నాయి. చెప్పులు గుమ్మం బయట విడిచి, ఫోను రెండు చేతుల్తో పట్టుకుని నిలబడ్డాడు.

"నా పేరు వరహాలమ్మా. ఖలాసీని. క్రేన్ కింద బరువులకి తాళ్ళేసి కడతాం కదా, ఆ పని. కంచరపాలెం నుంచి వచ్చేను. పది గంటలకాడ నుంచీ నొక్కతన్నాను. మీ వెబ్‌సైటు కింద ఈ అడ్రసుంటే వచ్చేసేను."

"మీరొచ్చినంత మాత్రాన అది బాగైపోతుందా?" అన్నాను. అంత కటువుగా అనాల్సింది కాదు. కానీ ఫోన్లోనూ నొక్కాననే మాటే, ఇప్పుడు ఎదురుగా వచ్చి కూడా అదే మాట.

అతను నొచ్చుకోలేదు. గోడ వారగా నిలబడే చెప్పాడు. అతని ఫ్యాక్టరీ గేటు పాసు ఏడాదిగా వాడకంలో లేదు. ఈ షట్‌డౌన్లో పేరుంటే పాసు మళ్ళీ బతుకుతుంది. లేకపోతే రద్దు. వచ్చే ఏడు యాభై నిండుతాయి. యాభై దాటినవాడికి ఎత్తు మీద పనికి కొత్త పాసు ఇవ్వరు.

"ఇరవై ఏడేళ్ళు తాడు పట్టుకున్నానమ్మా. ఇది పోతే వాచ్‌మన్ కుర్చీయే. అందులో కూకోలేను నాను."

"సరే, ఫోనిలా ఇవ్వండి. మీకేం కనిపిస్తోందో చూస్తాను."

ఇచ్చాడు. తెల్ల పేజీ. ఎడం చేతివైపు పైన, మూలగా, చిన్న అక్షరాల్లో శ్రీ అని ఉంది.

"ఏమీ లేదన్నారు. ఇదేంటి?"

"ఏదమ్మా?"

"ఇది. ఇక్కడ."

అతను వంగి చూశాడు. "అది శ్రీ గదమ్మా," అన్నాడు, ఇందులో అడగడానికేముందన్నట్టు.

పందొమ్మిది మందిని అడిగాను, ఏమైనా రాసుందా అని. పందొమ్మిది మందీ లేదనే చెప్పారు. ఒక్కడూ అబద్ధం చెప్పలేదు. శుభలేఖ మీద, దస్తావేజు మీద, కిరాణా చీటీ మీద పైన శ్రీ ఉంటుంది. దాన్నెవరూ చదవరు. అసలు విషయం దాని కిందనుంచి మొదలవుతుంది. కింద ఏమీ లేదు కాబట్టి ఏమీ లేదన్నారు. మా ఇంట్లో కాగితం పైన రాసే మాట వేరు కాబట్టి నా కంటికి ఇది ఆనింది గానీ, లేకపోతే నేనూ చూసేదాన్ని కాదు.

"సార్, ఫారం సేవ్ చేసే ఫైల్లో పైన శ్రీ ఎవరు రాశారు?"

"నానే. మొట్టమొదట రాసినప్పుడే రాసేను," అన్నారు గురునాథరావు గారు సంతోషంగా. "శ్రీ పెట్టకుండా నాను ఏ కాగితమూ మొదలెట్టనమ్మా. నీకు తెలీదేటి?"

ఆ ఫైలు పనల్లా ఒక్కటే. పేరు దాచుకుని, మనిషిని రసీదు పేజీకి పంపించడం. ఆ పంపించే చిరునామా బ్రౌజర్‌కి అన్నిటికంటే ముందు వెళ్ళాలి. ఒక్క అక్షరం ముందుగా బయటికి పోయినా ఇంక చిరునామా వెళ్ళదు. మనిషి ఆ అక్షరం దగ్గరే ఆగిపోతాడు. మరి ఎనిమిదేళ్ళు ఎలా నడిచిందంటే, పాత సర్వర్లో బఫరింగ్ ఉండేది. రాసినదాన్ని రాసినట్టు బయటికి వదలకుండా ఒక పక్కన పట్టి ఉంచి, అంతా అయ్యాక వరస సర్ది ఒకేసారి పంపేది. సార్ శ్రీ అందులో ఎవరికీ కనబడకుండా హాయిగా కూర్చునేది. నా కంప్యూటర్లోనూ బఫరింగ్ ఉంది. కొత్త సర్వర్లో లేదు. ఉందో లేదో నేను చూసుకోలేదు.

"శ్రీ వల్ల ఆగిపోనాదంటావేటి?" అన్నారాయన నొచ్చుకుంటూ. "ఎనిమిదేళ్ళు ఆగనిది నువ్వు మార్చేకే ఆగిందంటే తప్పు శ్రీది కాదు కదమ్మా."

అది నిజమే. నిజం కాబట్టే చిర్రెత్తుకొచ్చింది. శ్రీ చెరిపేశాను, బఫరింగ్ పెట్టాను. మొత్తం అయిదు నిమిషాల పని. అప్పటికి పదకొండుంపావు దాటింది.

"ఇప్పుడు నొక్కండి వరహాలు గారూ."

నొక్కాడు. రసీదు వచ్చింది. మొహం వెలిగింది. వేలు పెట్టి నంబరు చదువుకున్నాడు. మళ్ళీ చదువుకున్నాడు.

"నూటెనభై ఎనిమిది అంటందేటమ్మా? పది కొట్టీసరికి నొక్కేను గదా నాను."

అప్పుడు అర్థమైంది. తెల్ల పేజీ వచ్చినా పేరు లోపల చేరుతూనే ఉంది. ఆగిపోయింది రసీదు ఒక్కటే. అదే మనిషి మళ్ళీ నొక్కితే పాత టైము పోయి కొత్త టైము పడుతుంది. వివరాలు దిద్దుకోవడానికి వీలుగా ఎప్పుడో అలా రాశాం. నొక్కిన ప్రతిసారీ మనిషి వరస చివరికి వెళ్ళిపోయాడు. విసుగొచ్చి ఒక్కసారితో వదిలేసినవాళ్ళు పైన ఉన్నారు. ఆశ చావక నొక్కుతూ కూర్చున్నవాళ్ళు అడుగున పడ్డారు.

"ఎన్నిసార్లు నొక్కారు?"

"లెక్కెట్టలేదమ్మా. ఫోను సేత్తే ఒకావిడ సెప్పేరు, వచ్చేదాకా నొక్కతానే ఉండమని." కాసేపు నా మొహంలోకి చూశాడు. "మీరే గదా."

"నేనే," అన్నాను.

అతను తిట్టినా బాగుండేది. నన్ను నేను తిట్టుకోడానికే నాకు మాటలు చాలడం లేదు.

పన్నెండుకి ఫారం మూసేశాం. గురునాథరావు గారు నన్ను లోపలి గదిలోకి పిలిచి గొంతు తగ్గించారు. మధ్యలో ఉన్నది ప్లైవుడ్ గోడ. దాని దగ్గర గొంతు తగ్గించి ఉపయోగం లేదు.

"ఆటోనగర్ వాళ్ళకి ఇది తెలిస్తే రేపట్నుంచి మనం ఈగలు తోలుకోవాలి. ఎవులికీ సెప్పకు. లిస్టు ఉన్నదున్నట్టు పంపీ. పాపం ఆ మనిషి ఇంత దూరమొచ్చేడు, అతన్ని ఒక్కణ్ణీ తీసుకెళ్ళి ఏ ఇరవైలోనో పెట్టీ. ఎవులడుగుతారు?"

ఎవరూ అడగరు. ఒక్క గడి మార్చితే చాలు. బయట గోడ వారన నిలబడి ఉన్న మనిషి తాడు అతని చేతికి తిరిగి వస్తుంది. నాకు వెంటనే చెయ్యాలనిపించింది, దాచుకోవడం ఎందుకు. కీబోర్డు మీద చెయ్యి కూడా పెట్టాను. కానీ ఫోన్లో నేను కసిరినవాళ్ళు ఇంకా ఉన్నారే. వాళ్ళూ నొక్కుతూనే ఉన్నారు, నేను చెప్పానని. వాళ్ళెవరికీ మా ఆఫీసు మెట్లెక్కాలని తోచలేదు, అంతే తేడా.

ఎవరు ఏ క్షణంలో నొక్కారో ఫోను నంబరుతో సహా రాసుకునే ఫైలు ఒకటి నేను విడిగా పెట్టుకున్నాను. ప్రతి మనిషీ మొట్టమొదటిసారి నొక్కిన టైము అందులో చెక్కుచెదరకుండా ఉంది. దాన్ని బట్టి వరస మళ్ళీ కట్టాను. పావుగంట పట్టింది. పైనుంచి దిగుతూ వెతికాను. ఇరవైలో లేడు. నలభైలో లేడు. అరవై దాటింది.

వరహాలు, అరవై నాలుగు. పది గంటల ఒక్క నిమిషం ఆరు సెకన్లు.

నేను కుర్చీలో వెనక్కి వాలిపోయాను. నిజమైన వరసలోనే అతనికి చోటు లేదు. దొంగ వరసలో పెడదామంటే పెట్టొచ్చు. దేవుడా, ఇదెక్కడి చిక్కు అనుకున్నాను. పక్కన గురునాథరావు గారు "అందుకే సెప్పేను," అని గొణిగారు.

బయటికొచ్చి అతనికి నంబరు చెప్పాను. రెండు ముక్కల్లో చెప్పేశాను, మూడో ముక్క మాట్లాడితే ఏడుపొచ్చేట్టుంది.

"సారు అన్నది విన్నానమ్మా," అన్నాడు వరహాలు. "ఇరవైలో పెడితే వద్దనీవోణ్ణి కాదు. అబద్ధమెందుకు. నా అవసరం అలాగున్నాది."

"పెట్టలేనండీ."

"ఊఁ." ఫోను జేబులో పెట్టుకున్నాడు. "సోమవారం మెడికల్ ఉంటాదమ్మా. ప్రతి షట్‌డౌన్‌కీ ముగ్గురో నలుగురో పోతారు. బీపీ ఉన్నోడు, ఎత్తెక్కితే కళ్ళు తిరిగేవోడు. నలుగురు పోతే నానే."

"పోతారంటారా?"

"ఒకోసారి ఇద్దరే పోతారు," అన్నాడు. చెప్పులేసుకుని దిగిపోయాడు.

కొత్త జాబితాతో పాటు ఉత్తరం రాశాను. సర్వర్ మార్చాక సరిచూసుకోలేదు, మళ్ళీ మళ్ళీ నొక్కమని చెప్పింది కూడా నేనే అని నా పేరుతోనే రాశాను. గురునాథరావు గారు చదివి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ చదివారు. "నీ ఒక్కర్తి పేరెందుకమ్మా, ఆ శ్రీ రాసింది నానే కదా," అని కింద తన పేరు కూడా చేర్చారు. పైన శ్రీ పెట్టారు. నేను ఊరుకున్నాను, ఉత్తరం మీద అది ఎవరికీ అడ్డం కాదు. రెండింటికి పది నిమిషాల ముందు పంపేశాం. ఆటోనగర్ నుంచి మేనేజర్ నీలిమ గారు అరగంట తిట్టి, చివరికి కొత్త జాబితానే ఖాయం చేశామన్నారు.

ఆదివారం చర్చిలో ప్రసంగం అయ్యాక పాస్టర్ యేసుదానం గారు ఎవరి మనవులు వాళ్ళు మనసులో చెప్పుకోమన్నారు. మోకరించాను. వరహాలుకి ఆ పని రావాలి ప్రభువా అన్నాను. అక్కడితో ఆగితే అయిపోయేది. అది రావాలంటే ఆ అరవై మందిలో నలుగురికి సోమవారం పొద్దున బీపీ ఎక్కువ ఉండాలి. లేదా ఎత్తు మీద నిలబడి కళ్ళు తిరగాలి. ఆ నలుగురెవరైనా, వాళ్ళ పేర్లూ ఫోను నంబర్లతో సహా నా దగ్గరే ఉన్నాయి. వాళ్ళ ఇంటివాళ్ళెవరో కూడా ఈ పూట ఎక్కడో మోకరించే ఉంటారు, ఆరోగ్యం బాగుండాలని.

చుట్టూ అందరూ ఆమెన్ అన్నారు. నేను అనలేకపోయాను.