డెల్బర్ట్ తెచ్చిన తలుపు

విల్లో రిడ్జ్ పార్కులో మచ్చుకి ఒక్క విల్లో చెట్టు లేదు. గుట్ట అంతకన్నా లేదు. ఉన్నదల్లా కెంటకీ బురద, ఆ బురదలో లారీలతో లాక్కొచ్చి సిమెంటు దిమ్మెల మీద నిలబెట్టిన అరవై రెండు ట్రైలర్ ఇళ్లు, ఇంటికి రెండు చొప్పున కుక్కలు. ఇళ్లు ఉండేవాళ్ల సొంతం, కింద స్థలం అద్దెది. పోయిన ఏడు దూరాన ఎక్కడో ఉన్న కంపెనీ ఒకటి ఈ పార్కుని కొనుక్కుంది. కొన్న వారానికే గేటు దగ్గర కొత్త బోర్డు పెట్టి దానికి లైట్లు బిగించింది. వీధి దీపాలు మాత్రం ఎప్పట్లాగే చీకట్లో ఉన్నాయి. ఆ తర్వాత నోటీసులు అంటించడం మొదలుపెట్టింది.

పదిహేడో నంబరులో ఉండే రొనెల్‌కి సోమవారం నోటీసు వచ్చింది. బయటి తలుపు సరిగ్గా మూసుకోవడం లేదట, తాళం పడటం లేదట. శుక్రవారం పన్నెండింటికి తనిఖీ. అప్పటికి తలుపు బాగవ్వకపోతే స్థలం ఖాళీ చేయాలి. ఖాళీ చేయడమంటే సూట్‌కేసు సర్దుకోవడం కాదు, ఇల్లు లాక్కుపోవడం. ముప్పై ఆరేళ్ల ట్రైలర్‌ని ఏ పార్కూ గేటు దాటనివ్వదు. ఒకవేళ దాటనిచ్చినా, ఇది కదిలితే హైవే ఎక్కేలోపు వంటగది ఒక చోట, పడగ్గది ఒక చోట అవుతాయి. అంటే శుక్రవారం తలుపు పడకపోతే రొనెల్‌కి ఇల్లు లేదు. ఇంతకన్నా సూటిగా చెప్పడం కంపెనీకి చేతకాలేదు, "మీ సహకారానికి ధన్యవాదాలు" అని ముగించింది.

నోటీసు అబద్ధమేం కాదు. ఏడాదిగా ఆ తలుపుని భుజంతో గుద్దితే తప్ప మూసుకోదు. స్కూలు వంటగదిలో పనిచేసే రొనెల్ ఆ భుజంతోనే రోజూ నాలుగొందల మందికి సరిపడా ఆలుగడ్డల గిన్నెలు ఎత్తుతుంది, కాబట్టి ఇంతకాలం గడిచింది.

గురువారం సెలవు పెట్టుకుంది. ఆమె టేపు తీసి అరచేతిలో కొలతలు రాసుకుందో లేదో బావగారు దిగిపోయాడు.

డెల్బర్ట్ ఆమె చనిపోయిన భర్తకి అన్న. ముప్పై ఏళ్లు పునాదుల మీద ఇళ్లు కట్టిన వడ్రంగి, ఇప్పుడు రిటైరయ్యాడు. నోరు మాత్రం ఇంకా ఉద్యోగంలోనే ఉంది. పికప్ ట్రక్కు వెనక ఒక మహా తలుపు పడుకోబెట్టి తెచ్చాడు. లెగ్జింగ్టన్‌లో ఎవరిదో పాత బంగళా పడగొడుతుంటే ఊడదీసుకొచ్చాడట. పైన విసనకర్రలాంటి అద్దం, మధ్యలో సింహం మొహం ఉన్న ఇత్తడి రింగు. 

"ఇదీ తలుపంటే," అన్నాడు దిగుతూనే. "మీ డబ్బా ఇళ్లకి పెట్టేది తలుపు కాదమ్మాయ్. నా ఫ్రిజ్ తలుపు అంతకన్నా మందం."

"కొలిచావా బావా?"

"నా కన్నే టేపు."

"మా తలుపులు పొట్టివి. పైగా బయటికి తెరుచుకుంటాయి."

"బయటికి తెరుచుకునేది బీరువా. ఇంటి తలుపు లోపలికే తెరుచుకోవాలి."

"లోపలికి తెరిస్తే ఫ్రిజ్‌కి కొట్టుకుంటుంది."

"ఫ్రిజ్ జరుపు."

"జరిపితే స్టవ్ మీద కూర్చుంటుంది. అప్పుడు వంట నీ ట్రక్కులో చేసుకోవాలి."

డెల్బర్ట్‌కి ఇలాంటి చిన్న విషయాలు వినపడవు. అప్పటికే గడ్డపలుగు పాత తలుపు చట్రం కింద దూర్చాడు. ఆ చట్రం గోడకి బయటినుంచి చుట్టూ స్క్రూలతో బిగించి ఉంటుంది. స్క్రూలు విప్పితే నింపాదిగా ఊడొస్తుంది. కానీ డెల్బర్ట్ ఇళ్లు కట్టినవాడు కదా, స్క్రూలు విప్పడం నామోషీ. ఒక్క పెకలింపుకి అల్యూమినియం చట్రం అప్పడంలా మెలి తిరిగింది. తలుపు వెళ్లి గడ్డిలో పడింది. ఇంటికి ఇప్పుడు పెద్ద బొక్క మిగిలింది. టైము పదిన్నర. మర్నాడు పన్నెండింటికి తనిఖీ.

ఆ తర్వాత ఆ సింహం తలుపుని మోసుకొచ్చి బొక్కకి ఆనించాడు. నాలుగంగుళాలు పొడుగు, రెండంగుళాలు వెడల్పు ఎక్కువ. బొక్క తప్పేమో అన్నట్టు దానివైపు చూశాడు.

"పర్లేదు. గోడ కోసేద్దాం," అని రంపం మిషన్ అందుకున్నాడు.

రొనెల్ వెళ్లి బొక్కకి అడ్డంగా నిలబడింది. "బావా, ఆ పైన ఉన్నది గోడ కాదు. పైకప్పు మొత్తం ఆ దూలం మీద కూర్చుని ఉంది. కోస్తే రేపు తనిఖీకి తలుపు ఉంటుంది, ఇల్లుండదు."

"నాకు చెప్తావా? నేను నూట నలభై ఇళ్లు..."

"నూట నలభై కట్టావు. దీన్నొక్కదాన్నీ కూల్చకు చాలు. ట్రక్కు తాళాలు ఇయ్యి."

ట్రైలర్ ఇళ్ల సామాను అమ్మే కొట్టు ముప్పై మైళ్ల దూరంలో ఉంది. కౌంటర్లో ఉన్న ఆవిడ చూయింగ్ గమ్ నమిలే లయ తప్పకుండా మూడే ప్రశ్నలు అడిగింది: వెడల్పెంత, ఎత్తెంత, బయట నిలబడి చూస్తే బందులు ఏ చేతి వైపు? రొనెల్ అరచేతిలో రాసుకున్న అంకెలు చదివింది. "బంగారం," అంది ఆవిడ. "మగవాళ్లయితే ముందు తలుపు ఊడదీసి, తర్వాత ఫోన్ చేసి 'మామూలు సైజు' అంటారు." రొనెల్ తల దించుకుని డబ్బు లెక్కపెట్టింది. కుటుంబ పరువు కదా.

మధ్యాహ్నానికి కొత్త తలుపు వచ్చింది. తెల్లగా, తేలిగ్గా, సింహాలేమీ లేకుండా. చట్రం వెనక జిగురు పట్టీ అతికించి, ఇద్దరూ పట్టుకుని బొక్కలో నిలబెట్టి చుట్టూ స్క్రూలు బిగించారు. డెల్బర్ట్ రసమట్టం పెట్టి, ఒంటికన్ను మూసి, తానే కనిపెట్టినంత గర్వంగా తల ఊపాడు. రొనెల్ తలుపు వేసింది.

పడలేదు. తాళం వైపు పైమూల చట్రానికి ఆనుకుని ఆగిపోయింది. అచ్చం పాతదాని లాగే, అదే మూల.

"చెప్పలేదూ? ఫ్యాక్టరీ చెత్త," అన్నాడు డెల్బర్ట్, ప్రాణం లేచొచ్చినట్టు. "ఆ మూల కాస్త చిత్రిక పడితే..."

"అది రేకు బావా."

స్క్రూలు విప్పి మళ్లీ బిగించారు. పడలేదు. బందుల కింద అట్టముక్క పెట్టారు. పడలేదు. మూడోసారికి రొనెల్ మెట్టు మీద కూలబడింది. కొత్త తలుపు ఉంది, కొత్త తాళం ఉంది, రెండూ కలవవు. నోటీసులో మాట మాత్రం కొత్తగా ఏం మారదు.

అప్పటిదాకా ఎదుటి వరండాలో కూర్చుని ఉచితంగా సినిమా చూస్తున్న వెల్డా, చేతికర్ర పట్టుకుని దాటొచ్చింది. డెబ్భై నాలుగేళ్లు. మొగుడితో కలిసి ఇరవై ఏళ్లు ట్రైలర్లని లాక్కొచ్చి దిమ్మెల మీద నిలబెట్టిన మనిషి. బక్కెట్టు బోర్లించి దాని మీద కూర్చుంది.

"ఏమే రొనెల్, మీ వంటింటి బల్ల మీద ఉల్లిపాయ పెడితే ఎటు దొర్లుతుంది?"

"తలుపు వైపు. ఎప్పుడూ అంతే."

"ఎప్పుడూ అంటే?"

రొనెల్ ఆలోచించింది. "ఏడాదై ఉంటుంది."

"మరి పాపం తలుపుని ఎందుకు తిడతారు? ఎక్కిన పడవ మునుగుతుంటే తెడ్డు మార్చినట్టుంది. ఇల్లు ఆ మూల కుంగింది. తలుపు కాదు లేపాల్సింది, ఇల్లు."

"నేను రసమట్టం పెట్టి చూశా," అన్నాడు డెల్బర్ట్.

"తలుపుకి పెట్టావు నాయనా. ఇంటికి పెట్టావా? మీ ఇళ్లు నేల్లో పాతేస్తారు, అవి కదలవు. మావి నిలబడి ఉంటాయి, కాళ్లు నొప్పెడితే ఒంగుతాయి."

దిమ్మెల చుట్టూ ఉన్న ప్లాస్టిక్ తడక ఒకటి ఊడదీశారు. డెల్బర్ట్ ఒంగి లోపలికి చూశాడు. అతని పొట్ట అతనికంటే ముందే వెనక్కి తగ్గింది. టార్చి నోట్లో పట్టుకుని, ట్రక్కు జాకీ ముందుకి తోసుకుంటూ రొనెల్ పాక్కుంటూ వెళ్లింది. కింద నేలంతా రొచ్చు. తలుపు కింది దిమ్మె సగం బురదలో కూరుకుపోయి ఉంది. దానిలోకి నీళ్లు సన్నటి ధారగా వస్తున్నాయి. ఎటునుంచా అని టార్చి తిప్పితే, పోయిన వేసవిలో కంపెనీ కంకర రోడ్డు వేస్తూ తవ్విన కాలవ. దాన్ని చివరిదాకా తవ్వే ఓపిక లేక సరిగ్గా ఆమె ఇంటి దగ్గర వదిలేశారు.

"ఇంటి అడుగు దూలం కింద పలక వేసి జాకీ పెట్టు. పావు తిప్పు. ఆగు. ఇల్లు అరుస్తుంది, భయపడకు," పైనుంచి వెల్డా. "డెల్బర్ట్, నువ్వు తలుపు దగ్గర నిలబడి సందు చూసి చెప్పు. ఇంకేం చేయకు."

ఇల్లు నిజంగానే అరిచింది. అరలో గిన్నెలు గలగలలాడాయి.

"తగ్గుతోంది!" అన్నాడు డెల్బర్ట్.

"ఇంకో పావు."

"ఇంకొంచెం... ఇంకొంచెం..."

క్లిక్‌మంది. రొనెల్ బురదలో వెల్లకిలా పడుకుని ఆ చప్పుడు వింది. ఇంకోసారి వెయ్యమని అరిచింది. మళ్లీ క్లిక్. దిమ్మెకీ దూలానికీ మధ్య వెడల్పాటి పలకలు రెండు దూర్చి జాకీ దించి బయటికొచ్చింది.

వెల్డా గడ్డిలో మెలి తిరిగి పడున్న పాత తలుపుని కర్రతో తట్టింది. "దీనికేం రోగం లేదు. పొద్దున్నే జాకీ తిప్పుంటే మధ్యాహ్నం నిద్ర పోయేవాళ్లు."

డెల్బర్ట్ పనిముట్లు సర్దడం మొదలుపెట్టాడు. "ఎలాగూ పాతదే కదా."

"నువ్వూ పాతవాడివే," అంది రొనెల్. "నిన్ను ఎవరూ పెకలించట్లేదు."

శుక్రవారం పన్నెండుంపావుకి కంపెనీ మనిషి వచ్చాడు. బ్రాక్స్‌టన్ అని షర్టు మీద కుట్టి ఉంది. ఇరవై నాలుగేళ్లుంటాయి. మచ్చలేని బూట్లు, చేతిలో టాబ్లెట్. తలుపుని ఒక వేలితో వేశాడు, పడింది. తాళం తిప్పాడు, తిరిగింది. ఫొటో తీసుకుని, "పాస్ అండీ. సంతకం పెట్టండి," అని టాబ్లెట్ చాపాడు.

రొనెల్ గుండెల మీంచి బరువు దిగింది. చేయి మాత్రం చాపలేదు. ఈ సంతకంతో ఈ ఏడు గడుస్తుంది. కాలవ అలాగే ఉంటే వచ్చే వసంతం వానలకి దిమ్మె మళ్లీ కుంగుతుంది, తలుపు మళ్లీ ఆగుతుంది, నోటీసు మళ్లీ వస్తుంది.

"ఇల్లు కుంగింది మీ కాలవ నీళ్ల వల్ల. వెనక్కొచ్చి చూడు."

"నా లిస్టులో తలుపే ఉందండీ. కింద చూడమని లేదు."

"నేను సంతకం పెట్టకపోతే?"

అతను టాబ్లెట్ వైపు చూశాడు. "పెట్టకపోతే... ఇది క్లోజ్ అవదండీ. నాకింకా పద్దెనిమిది ఇళ్లున్నాయి."

"అయితే కూర్చో. నాకు ఇవాళ కూడా సెలవే."

 మబ్బు వైపు చూశాడు. ఎదుటి వరండాలో వెల్డా కుర్చీ ముందుకి జరుపుకుంది. చివరికి బ్రాక్స్‌టన్ ఇంటి వెనక్కి నడిచాడు. కాలవ ఫొటో తీయడానికి ఒంగాడు, కుడి బూటు మడమ దాకా దిగబడింది. అమ్మను తలుచుకున్నాడు. ఫొటో అయితే తీశాడు.

"ఇప్పుడు టైపు చెయ్యి," అంది రొనెల్, అతని పక్కన నిలబడి. "'కంపెనీ తవ్విన కాలవ నీళ్లు పదిహేడో నంబరు దిమ్మెల కిందికి వస్తున్నాయి.' తారీఖు వెయ్యి. నా పేరు వెయ్యి, నీ పేరు కూడా వెయ్యి."

"నా పేరెందుకండీ?"

"చూసింది నువ్వే కదా బాబూ."

సన్నగా చినుకులు మొదలయ్యాయి. అతను టాబ్లెట్‌ని కడుపుకి అదుముకుని టైపు చేసి, పైకి చదివి వినిపించాడు. 'దిమ్మెల' దగ్గర తప్పు పడితే ఆమె దిద్దించింది. మరోసారి చదివించింది. అప్పుడు, చీరకొంగులు లేని ఆ ఊళ్లో, వేలు స్వెట్టరుకి తుడుచుకుని, స్క్రీన్ మీద తన పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా, తీరిగ్గా రాసింది.