భార్య సంతకం

దంతవైద్యులు నోటి అచ్చులు తీసి పంపిస్తే, వాటిమీద మైనం పేర్చి, పళ్ళు కూర్చి, కట్టుడు పళ్ళ సెట్లు తయారుచేసే పని ఆమెది. పద్దెనిమిదేళ్ళుగా అదే బల్ల, అదే కిటికీ. వీధిలో అందరూ పళ్ళక్కయ్య అంటారు. "ఈ పేటలో ముసలివాళ్ళ నవ్వుల్లో సగం నా చేతివే" అని తనే చెప్పుకుని నవ్వుతుంది. భర్త తాళాల మేస్త్రీ. బజారు మలుపులో ఆయనదో చిన్న కొట్టు. పిల్లల్లేరు. రెండు వీధుల అవతల ఆమె చెల్లెలు ఒక్కతే ఉంటుంది, బస్సు నడుపుతుంది. ఏడేళ్ళు చిన్నదైన ఆ పిల్లను అక్కే పెంచి పెద్దచేసింది కాబట్టి కూతురు లేని లోటు ఆమెకు ఎప్పుడూ తెలియలేదు.

ఆ రోజు ల్యాబులో కరెంటు పోయి మధ్యాహ్నానికే ఇల్లు చేరింది. కాళ్ళు కడుక్కుంటుండగా బెల్లు మోగింది. గుమ్మంలో, చంకలో ఫైలుతో ఒక పెద్దమనిషి.

"మేస్త్రీగారి ఇల్లే కదమ్మా? లైసెన్సు ఆఫీసు నుంచి వచ్చాను. చెప్పకుండా రావాలని మా రూలు, ఏమీ అనుకోకండి."

"ఏం లైసెన్సండీ? కొట్టుదా?"

"తుపాకీదమ్మా. మూడేళ్ళయింది, మళ్ళీ కొత్తగా ఇవ్వాలి. ఎక్కడ దాస్తున్నారో చూసి రాసుకుని వెళ్తాను."

ఆమె నవ్వేసింది. "ఇల్లు పొరబడ్డారు. మా ఇంట్లో తుపాకీ ఉండదు."

ఆయన ఫైలు తెరిచి చూపించాడు. భర్త ఫొటో, ఇంటి నంబరు, పిస్తోలు వివరాలు అన్నీ ఉన్నాయి. చివరి కాగితం మీద 'ఇంట్లో ఆయుధం ఉంచడానికి నాకు ఎటువంటి అభ్యంతరమూ లేదు' అని రాసి ఉంది. దానికింద 'భార్య' అన్నచోట ఆమె సంతకం.

పేరు తనదే, గీత తనది కాదు. చివరి అక్షరం తోక పైకి తిరిగి ఉంది. అలా తిప్పే చెయ్యి లోకంలో ఒక్కటే. చిన్నప్పుడు చెల్లెలి మార్కుల కార్డుల మీద ఇంటి పెద్దగా సంతకం పెట్టింది తనే. మార్కులు తక్కువొచ్చిన నెల చెల్లెలే అక్క సంతకం గీసుకుపోయేది. ఒకసారి బడికి పిలిచి అడిగితే, పిల్లను కొడతారేమోనని "నాదేనండీ" అంది.

"ఇది మీ సంతకమే కదమ్మా?" అన్నాడాయన, ఆమె ముఖం చూసి.

"నాదేనండీ" అంది. అనేశాకగానీ ఏమన్నదో తెలియలేదు. కాదంటే భర్తమీదా చెల్లెలిమీదా కేసవుతుంది. అంతవరకు ఆమె నోటికి ముందే తెలిసినట్టుంది.

ఇనప పెట్టె తాళం తన భర్త దగ్గరుందని చెబితే, వచ్చేవారం నోటీసిచ్చి వస్తానని ఆ పెద్దమనిషి వెళ్ళిపోయాడు. ఆమె సామాన్ల గదిలోకి వెళ్ళింది. గోడకి బిగించిన చిన్న ఇనప పెట్టె. ఖరీదైన పనిముట్లని చెప్పాడు భర్త. మూడేళ్ళుగా ప్రతి ఆదివారం దానిమీది దుమ్ము ఆమే తుడుస్తోంది.

ఆమెకు తొమ్మిదేళ్ళప్పుడు తండ్రి గోదాముకి కాపలా ఉండేవాడు, ఇంట్లో తుపాకీ ఉండేది. పనిమీద ఊళ్ళు తిరిగే మేనమామ ఒక తెల్లవారుజామున, నిద్ర లేపడమెందుకని పెరటి తలుపు నెమ్మదిగా తోసుకుని లోపలికి వచ్చాడు. తండ్రి దొంగనుకున్నాడు. ఒక్కటే చప్పుడు. మామయ్య గుమ్మంలో కూర్చుండిపోయి, "నేను బావా, నేను" అన్నాడు. అదే ఆయన ఆఖరి మాట. కోర్టు తండ్రిని వదిలేసింది, తల్లి వదల్లేదు. చచ్చేదాకా ఆయనతో మాట్లాడలేదు. ఆ తర్వాత తండ్రి చేతులు వణికేవి, కలం పట్టలేకపోయేవాడు.

పెళ్ళికి ముందే ఇదంతా చెప్పి, ఇంట్లో తుపాకీ ఉండకూడదని ఆమె కాబోయే భర్తని ఒకే ఒక్క మాట అడిగింది. "నేను తాళాలవాణ్ణి. నాకు తుపాకీ ఎందుకు?" అని ఆయన మాటిచ్చాడు.

చెప్పులేసుకుని నేరుగా కొట్టుకి నడిచింది. ఆయన ఒక తాళంచెవికి పళ్ళు కోస్తున్నాడు.

"లైసెన్సు ఆఫీసాయన వచ్చాడు."

ఆయన చేతిలో ఆకురాయి ఆగిపోయింది. "చెబుదామనే అనుకున్నాను..."

"మూడేళ్ళలో ఏ రోజు?"

ఆయన షట్టరు సగం దించాడు. "ఆ ముసలి దంపతులు గుర్తున్నారా? వాళ్ళ తలుపుకి తాళం నేనే బిగించాను. దొంగలు దాన్ని నిమిషంలో ఊడబెరికారు. ఆ ముసలాయన పక్కటెముకలు విరగ్గొట్టారు. ఆస్పత్రికి చూడ్డానికి వెళితే, గట్టి తాళమన్నావు కదయ్యా అందావిడ. తాళం ఎంత తేలిగ్గా ఊడొస్తుందో నాకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? ఆ వారమే దరఖాస్తు పెట్టాను. నీకోసమే."

"నాకోసమైతే నాకెందుకు చెప్పలేదు?"

ఆయన ఆకురాయి కింద పెట్టాడు. "ఒప్పుకోవని."

"ఒప్పుకోనని తెలిసీ, ఒప్పుకున్నానని రాయించారు. అదీ నా చెల్లెలి చేత."

"నేను అడగలేదు. తనే పెడతానంది."

ఆ ఒక్క మాటతో ఆయన మీద మిగిలిన కాస్త మర్యాదా జారిపోయింది. నేరం ఒప్పుకునేటప్పుడు కూడా పక్కవాళ్ళ మీదికి తోసే మనిషితో పదహారేళ్ళు కాపురం చేశానా అనుకుంటూ వెనక్కి తిరిగింది.

బావ ఫోన్ చేసి ఉంటాడు, డ్యూటీ దిగీ దిగగానే చెల్లెలు యూనిఫాంతోనే అక్క ఇంటికి వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

"తిట్టక్కా. పడతాను."

"తిట్టడానికి నాకు ఓపిక లేదు. ఎందుకు పెట్టావో చెప్పు."

"నీకు మామయ్య గుర్తున్నాడు. నాకప్పుడు రెండేళ్ళు, నాకేం గుర్తుంటుంది? నాకు గుర్తున్నది డిపో వెనక సందు. ఎవడో కత్తి మెడమీద పెట్టాడక్కా. చెయ్యి కొరికి పరిగెత్తాను. నాలుగేళ్ళయింది. ఇప్పటికీ వెనక అడుగు వినబడితే ఒళ్ళంతా చెమటే."

"అంత జరిగితే నాకు చెప్పలేదేమే?"

"చెబితే ఉద్యోగం మానెయ్యమనేదానివి. బావకి చెప్పాను. ఆదివారాలు షూటింగ్ క్లబ్బుకి తీసుకెళ్ళి నేర్పించాడు. చేతిలో అది ఉంటే, ఎందుకో, ఊపిరాడేది."

"ఆదివారాలు ఈతకన్నావు." ఆమె లేచి నిలబడింది. "జుట్టు తడుపుకుని వచ్చేదానివి కదే! జలుబు చేస్తుందని నేను తల తుడిచేదాన్ని. నువ్వు తల వంచి తుడిపించుకునేదానివి!"

చెల్లెలు తల పక్కకి తిప్పుకుంది. "తుపాకీ మామయ్యని చంపలేదక్కా. ఎవరో చూసుకోకుండా కాల్చిన నాన్న చంపాడు" అంది.

"నాన్న మంచివాడే. భయపడ్డాడు, అంతే. ఇప్పుడు మీ ఇద్దరిలో ఉన్నది ఆ భయమే. దాన్ని నేను తొమ్మిదేళ్ళప్పుడు కళ్ళారా చూశాను. నువ్వు చూడలేదు కాబట్టి నీకు ఊపిరాడుతోంది. ఇక వెళ్ళు."

మర్నాడు ల్యాబుకి సెలవు పెట్టి లైసెన్సు ఆఫీసుకి వెళ్ళింది. ఒప్పుకోలు వెనక్కి తీసుకుంటున్నట్టు కాగితం రాసి, నిన్నటి పెద్దమనిషి ముందే సంతకం పెట్టింది. ఆయన పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూశాడు.

"అప్పుడు ఇష్టపడే ఇచ్చారామ్మా?"

"అప్పుడు ఇచ్చాను. ఇప్పుడు ఇవ్వను."

ఆయన ఇంకేమీ అడక్కుండా రెంటినీ ఫైల్లో పెట్టేశాడు. వాళ్ళు ఇద్దరూ కలిసి తనను మోసం చేస్తే, వాళ్ళను కాపాడటానికి తను అబద్ధమాడాల్సి వచ్చింది. మెట్లు దిగుతుంటే, మిగతా అన్నిటికన్నా అదే ఎక్కువ మండింది.

పదిహేను రోజుల్లో భర్త తుపాకీ అప్పగించి, రసీదు తెచ్చి బల్లమీద పెట్టాడు. ఇనప పెట్టె తెరిచి చూపించాడు. ఖాళీగానే ఉంది. "ఇక ఏం లేదు, నమ్ము" అన్నాడు.

"మూడేళ్ళూ ఏం లేదనే అన్నారు" అందామె.

ఆమె ల్యాబు పైన ఖాళీగా ఉన్న ఒంటిగది అద్దెకి తీసుకుంది. సాయంత్రాలు ఆయన వచ్చి మెట్ల కింద నిలబడేవాడు. కొన్నాళ్ళకి పైకి పిలిచి టీ ఇచ్చేది. ఇంటికి వస్తానని మాత్రం అనలేదు. వాళ్ళ వీధిలో ఇల్లాళ్ళు ఆమెనే తప్పుపట్టారు. కాపలాకి తుపాకీ కొంటే కాపురం వదులుకుంటారా అన్నారు. ఆమె ఎవరికీ జవాబు చెప్పలేదు.

మూడు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం చెల్లెలు ల్యాబుకి వచ్చింది. చిక్కిపోయింది. బల్ల పక్కన నిలబడి, చెప్పాల్సింది ఎక్కడ మర్చిపోతానో అన్నట్టు గబగబా చెప్పేసింది.

"నా పేరు మీద లైసెన్సు వచ్చిందక్కా. నాకు ఎవరి సంతకమూ అక్కర్లేదు, ఒంటరిదాన్నిగా. ఎల్లుండి కొంటున్నాను. ఈసారి ముందే నీకు చెప్పాలనిపించింది."

ఆమె చేతిలో ఒక ముసలాయన కట్టుడు పళ్ళ పై వరస ఉంది. కోరపన్ను అంచు అరగదీస్తూనే ఉంది. మానెయ్యమని ఎంత చెప్పినా ఈ పిల్ల వినదు. వినని మనిషికి తను ఎప్పటిలాగే అక్క, అదే కష్టం.

"ఎక్కడ పెడతావు?"

"గోడ బీరువాలో. తాళం బావే బిగిస్తానన్నాడు."

"తూటాలు అందులో పెట్టకు. వేరే గదిలో పెట్టు. రెండు తాళంచెవులూ ఒకే గుత్తికి తగిలించకు."

"అలాగే."

"ఎవరు తలుపు కొట్టినా ముందు పేరు అడుగు. గట్టిగా అడుగు. వాళ్ళు చెప్పేదాకా ఆగు."

చెల్లెలి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నన్ను క్షమించావా అక్కా?"

"లేదు" అంది ఆమె. "పక్కకి జరుగు, పొడి కళ్ళల్లో పడుతుంది."